అన్నయ్య విరిగిన పన్ను

జూన్ 2
యుద్ధంలో పోయిన మా అన్నయ్యకి పార్కులో విగ్రహం పెడతారట. కమిటీ వాళ్ళొచ్చి ఫోటో అడిగారు. ఉన్న ఒక్కటీ వరదలో పోయింది. ఆయన పోయేనాటికి నేను పసివాణ్ణి. మొహం గుర్తు లేదు. చెప్పడానికి సిగ్గేముంది.

జూన్ 5
శిల్పి నన్నే ఎదురుగా కూర్చోబెట్టాడు. తమ్ముడివి కదా తాతా, నీ ముడతలు తీసేస్తే ఆయనే వస్తాడు అన్నాడు. మంచి మాటే. మట్టి మాత్రం సరిగ్గా కలపలేదు. బతుకంతా తాపీ పట్టినవాణ్ణి, చూస్తూ ఊరుకుంటానా. నేనే తొక్కి ఇచ్చాను. మోకాళ్ళు పట్టేశాయి.

జూన్ 9
మట్టి బొమ్మ అయింది. అచ్చం వయసులో నేనే. చాలా బాగున్నాను.

జూన్ 10
పక్కవీధి ముసలమ్మ అన్నయ్య ఈడుది. తీసుకెళ్ళి చూపించాను. ఇదెవరి మొహంరా, మీ అన్న నీలా అందవికారంగా ఉండేవాడు కాదు అంది. చెవులు ఇంకా బయటికి రావాలి అంది. శిల్పి లాగాడు. ఊహూఁ, వాడు కాదు అంది. ఏం తక్కువో ఆవిడకే తెలీదు. ఒళ్ళు మండి ఆటో ఎక్కించి పంపేశాను.

జూన్ 14
అన్నయ్య పటాలంలో వంటాయన బతికే ఉన్నాడని తెలిసి బస్సెక్కి వెళ్ళాను. చెవుడు. అరిచి అరిచి నా గొంతు పోయింది.
అన్నయ్యకి ముందుపన్ను సగం లేదట! మిలిటరీకి ముందు సైకిల్ షాపులో పని. బిగుసుకున్న వాల్వ్ మూతలు పళ్ళతో తిప్పేవాడట. ఆ సందులోంచి ఈల వేస్తే, టీ వచ్చిందని ట్రెంచ్ అంతా లేచేదట. మూతి ముయ్యడం చేతకాని మనిషి, సార్జెంటు తిడుతున్నా ఇకిలించేవాడు అన్నాడు. ఒకరోజు టీ తీసుకెళ్తే ఈల వినపడలేదు, అప్పుడే అర్థమైంది అన్నాడు.
ఇద్దరం టీ తాగాం.
తిరుగు బస్సులో నేనూ ఈల వేసి చూశాను. కట్టుడుపళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. పక్క సీటావిడ లేచి వెళ్ళిపోయింది.

జూన్ 16
నోరు తెరిపించు, పన్ను విరగ్గొట్టు అన్నాను శిల్పితో. కమిటీ ప్రెసిడెంటు ఒప్పుకోలేదు. అమరవీరుడు గంభీరంగా ఉండాలి, ఇలా ఉంటే పిల్లలు నవ్వుతారు అన్నాడు. నవ్వనీ అన్నాను. మూతి మూసేట్టయితే కింద మా అన్న పేరు చెక్కొద్దు, మీ బావమరిది పేరు చెక్కుకోండి అన్నాను.
బాగా చెప్పాను.

జూన్ 17
పేరు నిజంగానే తీసేస్తారేమో. అన్నం సహించలేదు.

జూన్ 18
శిల్పి మంచివాడు. ఎందుకైనా మంచిదని బొమ్మకి నోరు తెరిపించి, పన్ను విరిచి పెట్టాడు. ముసలమ్మని మళ్ళీ తీసుకెళ్ళాను. ప్రెసిడెంటు అక్కడే ఉన్నాడు.
ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత కర్ర ఎత్తింది. వెధవా, నా కొత్త సైకిలు బెల్లు పీకింది నువ్వే కదూ, పైగా నవ్వొకటా అని మట్టిబొమ్మని పట్టుకుని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. ప్రెసిడెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సరే, ఇలాగే పోత పోయండి అన్నాడు.
ఇంటికొచ్చి మారు వడ్డించుకున్నాను.

ఆగస్టు 21
విగ్రహం పెట్టారు. అందరూ వెళ్ళాక దగ్గరికి పోయాను. అన్నయ్యా అని పిలుద్దామనుకున్నా. ఎదురుగా ఉన్నది ఇరవై రెండేళ్ళ కుర్రాడు. బాబూ అని వచ్చింది నోటికి.
ఎండ వాడి మొహాన కొడుతోంది. కాసేపు అడ్డం నిలబడ్డాను.