గోడ సందులు పూడ్చాను

ఆదివారం

అమ్మాయికి,

మీ నాన్న దీవించి, ఎవరి చేతా రాయించకుండా సొంతంగా రాస్తున్న ఉత్తరం. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో, నా గోడలు ఎప్పుడూ వంకర పోలేదు. నేను బాగున్నాను. మీ ఆయన బాగుంటాడో లేదో నీ జవాబును బట్టి ఉంటుంది.

నీ ట్రైనింగు అయ్యేదాకా ఆయన్ని నా దగ్గర ఉంచావు. బాగానే ఉంది. మన పెరటి రాతిగోడ నీకు తెలుసు కదా. మేస్త్రీగా ఎన్నో కట్టాను గానీ, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి నిలబెట్టింది అదొక్కటే. రోడ్డు వెడల్పు చేయాలి, కొట్టేస్తామని ఆఫీసు వాళ్లు దాని మీద ఎర్రరంగు గీత గీసి పోయారు. ఆఖరుసారి చూడ్డానికి రేపు వస్తారట.

అప్పటినుంచీ మీ ఆయన వరస బాగోలేదు. పొద్దున్నే గోడ మొదట్లో బోర్లా పడుకుంటాడు. రాలిన ఆకులు తీసి, సందుల్లోకి టార్చి వేసి, ఫొటోలు తీసి, మళ్లీ ఆకులు కప్పేస్తాడు. తప్పుడు పని కాకపోతే కప్పడమెందుకు? ఏం చేస్తున్నావయ్యా అంటే గాలి పీలుస్తున్నాను మామయ్యా అన్నాడు. బోర్లా పడుకుని గాలి పీల్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. పైగా ఆ రోడ్డు ఆఫీసరుతో ఫోనులో గుసగుసలు. ముసలాయనకు తెలిస్తే పని చెడుతుంది సార్ అంటున్నాడు. నా చెవులు ఇంకా పనిచేస్తున్నాయి. గోడ బోలుగా ఉంది, దానంతటదే పడిపోతుందని చూపించి కొట్టించే ఎత్తు అది.

అందుకే నిన్న ఆయన పక్క ఊరికి పోగానే సిమెంటు కలిపి సందులన్నీ పూడ్చేశాను. ఇక చీమ కూడా దూరదు. నువ్వు ఆయన్ని గట్టిగా నిలదీయి. అల్లుడని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

ఇట్లు,
మీ నాన్న

తా.క. కవరు అంటించబోతుంటే మీ ఆయన వచ్చాడు. గోడ చూసి గోళ్లతో సిమెంటు గీకడం మొదలుపెట్టాడు. ఆ సందుల్లో ఒక రకం రోకలిబండ పురుగు ఉంటుందట. పొట్టిది, నల్లటి వీపు మీద పసుపు మచ్చలు, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటుంది. తడి, నీడ, కుళ్లిన ఆకు ఉన్నచోటే బతుకుతుందట, ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదట. రేపు వాటిని కళ్లారా చూపిస్తే గోడ జోలికి రామని ఆఫీసరు మాటిచ్చాడట. పురుగు కనిపిస్తే నేను కిరోసిన్ పోస్తానని నాకు చెప్పలేదట. పోసేవాణ్ణే. ఇప్పుడు ఇద్దరం ఉలులు పట్టుకుని సిమెంటు చెక్కుతున్నాం. నా పని కదా, ఓ పట్టాన ఊడదు. ఇప్పటికి ఒకటి దొరికింది. నా అరచేతిలో ఎంతసేపు ఉంచినా విచ్చుకోలేదు. మీ ఆయన చేతిలో పెట్టగానే కాళ్లు చాపి నడిచింది. ఇంకా సగం గోడ చెక్కాల్సి ఉంది. ఉంటాను.