కుట్ల లోపలి గుడ్డ

అక్కా,

బాగున్నానని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. స్టెరాయిడ్ బిళ్లలు ఆపిన నెలకే కీళ్లవాతం తిరగబెట్టింది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి కత్తెర పట్టుకోలేకపోతున్నాను. "రెండు వారాలు ఎందుకు దాచావయ్యా?" అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టి, బిళ్లలు మళ్లీ మొదలుపెట్టింది. అంటే ఒళ్లు మళ్లీ ఉబ్బుతుంది.

పోయినసారి ఉబ్బినప్పుడు వదులు చేసుకున్న చొక్కాలన్నీ, జబ్బు వదిలిందన్న సంబరంలో బిగించేసి, కుట్ల లోపల మిగిలిన గుడ్డంతా కత్తిరించి పారేశాను. ఊళ్లోవాళ్ల బట్టలకైతే ఆ పని చేస్తానా? నవ్వుకో, ఫర్వాలేదు.

నాకు కుట్టు నేర్పినదానివి కాబట్టి అడుగుతున్నాను. రెండు చొక్కాలు కుట్టి పంపు. పాత కొలతలే చాలు. లోపల గుడ్డ మాత్రం ధారాళంగా వదులు, ఒళ్లు ఉబ్బేకొద్దీ కుట్లు విప్పుకుంటాను. తగ్గినా సరే, ఈసారి కత్తిరించను.

నీ తమ్ముడు