బెంచీ మీద జాగా లేదు

మల్లేశ్వరం, శుక్రవారం

ఏమండీ,

మన మనవరాలి పక్కన ఎవరూ కూర్చోరని రోజూ భోజనం వేళకు బడికి వెళ్ళేవారు మీరు. మీరు పోయాక నేను వెళ్తున్నాను. నిన్న మీ సంవత్సరీకం కనుక ఆ ఒక్కరోజు తప్పింది.

మన పిల్లలా ఆటిజం ఉన్న పిల్లలకు వాళ్ళ టీచరు బొమ్మల కార్డులతో మాటలు నేర్పుతోంది. "నా పక్కన కూర్చుంటావా?" అని అడగడం నాలుగు నెలలుగా నేర్పుతూనే ఉంది. "మొహం చూసి అడగమను" అని నేను గదిమితే, "ముందు మాట రానీండమ్మా" అనేది.

ఈరోజు వెళ్ళేసరికి మన పిల్లకు అటొకరు, ఇటొకరు కూర్చుని ఉన్నారు. నిన్న తనే అడిగిందట. చిత్రాన్నం డబ్బాలోంచి తల ఎత్తకుండానే, "జాగా లేదవ్వా, నువ్వు ఇంటికి పో" అంది.

నేను గదమలేదు. తిరిగొచ్చి, ఏడాదిలో మొదటిసారి నా వేళకు, సరిగ్గా ఒంటిగంటకు, అన్నం తిన్నాను.