నీరటి వంతు

ఎల్లారెడ్డి,
మే 18.

యోబు బావకు సలోమి వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ అత్త, నేను, షారోను, అక్కడ నాగిరెడ్డిపేటలో బాపు, అందరం బాగున్నాం. ఎండలే బాగా లేవు. నీ ఆరోగ్యం ఎట్లా ఉందో, మీ గదిలో ఏసీ బాగుచేశారో లేదో రాయి.

మహేందర్ సెలవు అయిపోయింది, ఎల్లుండి బహ్రెయిన్‌కు బయల్దేరుతున్నాడు. మామిడికాయ తొక్కు డబ్బా, అత్త చేసిన మురుకులు, వాటి నడుమ ఈ ఉత్తరం అతనితో పంపుతున్నాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే అక్కడ మీ గదిలో ఆరుగురు వింటారు, ఇక్కడ అత్త వింటుంది. అత్త నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. పైగా ఫోన్‌లో నేనేం చెప్పినా నువ్వు "సరే సరే" అంటావు. ఈసారి నాకు ఆ సరే సరిపోదు.

మహేందర్ తెచ్చిన నీ ఉత్తరంలో అడిగినవి ముందు చెబుతాను. అత్త కంటి ఆపరేషన్ కామారెడ్డిలో బాగా జరిగింది. కట్టు విప్పాక ఇంటికి రాగానే గోడ మీద మన పెళ్లి ఫోటో ముందు నిలబడి, "నా కొడుకు గింత బక్కగ ఉండెనా" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత వంటింట్లోకి పోయి, నేను కడిగిన గిన్నెలన్నీ నాతోనే మళ్లీ తోమించింది. ఇన్నాళ్లు కనపడలేదు కాబట్టి బతికిపోయాను.

షారోనుకు ముందు పన్ను ఊడింది. కొత్తది వచ్చేదాకా నీతో వీడియోలో మాట్లాడదట, నువ్వు నవ్వుతావట. మొన్న అట్లాసులో బహ్రెయిన్ చూపిస్తే దాని మీద వేలు పెట్టింది, ఊరు కనపడకుండా పోయింది. "గింత చిన్న ఊర్ల డాడీ ఎట్ల పట్టిండే" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత చాలాసేపు ఏ పనీ తోచలేదు.

పోచారం ప్రాజెక్టులో నీళ్లు ఎట్లా ఉన్నాయని అడిగావు. యాసంగికి వంతులు పెట్టి వదిలారు. మోకాళ్లు లాగుతున్నాయంటూనే బాపు పార భుజాన వేసుకొని కాలువ పొడుగునా తిరిగాడు. ఒకరి పొలానికి నీళ్లు మలిపే మడవ తీయడం, ఒకరిది మూయడం, ఇద్దరితోనూ తిట్లు తినడం, అదే పని. మన అర ఎకరం ఎప్పటిలాగే కాలువ కొసన, అందరి తర్వాత తడిసింది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వచ్చి, "మామా, నీళ్లు నీ చేతిల ఉంటే నీ మడికి ఆఖర్న ఎందుకు" అని నువ్వు అడిగేవాడివట. ఊరికి నీళ్లు పంచే నీరటి మడి ఆఖరున తడవాలి, అది మన దగ్గర కట్టుబాటు అని బాపు చెప్పేవాడట. ఆ మాట గుర్తుంచుకో, దానితో పని ఉంది.

ఇక నువ్వు చివర అడిగింది, నెదర్లాండ్స్ యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చిందా అని. ఫోన్‌లో కూడా రెండుసార్లు అడిగావు. ఇంకా రాలేదన్నాను. అబద్ధం చెప్పాను బావా. మార్చిలోనే వచ్చింది.

సీటు ఇచ్చారు. ఫీజు, ఉండడం, తినడం అంతా వాళ్లదే. నీటి పంపకం మీద రెండేండ్ల చదువు. ఇంటర్వ్యూలో నా మార్కుల గురించి రెండు మాటలు అడిగి, బాపు పని గురించి అరగంట అడిగింది ఆ ప్రొఫెసరమ్మ. నీరటి అంటే ఎవరు, ఎవరి మడి ముందు, గొడవైతే ఎవరు తీరుస్తారు అని. మా బాపు ఉద్యోగం గురించి అంత శ్రద్ధగా అడిగిన మనిషిని నేను ఇదివరకు చూడలేదు. మేం నీళ్లు రమ్మని ఏడుస్తాం, మీరు నీళ్లు పొమ్మని ఏడుస్తారు అన్నాను. ఆమె బాగా నవ్వింది.

ఆ సీటు ఉత్తరం వచ్చిన సాయంత్రమే నువ్వు ఫోన్ చేశావు. కాంట్రాక్టు అయిపోతుంది, ఆగస్టులో మొత్తానికే వచ్చేస్తున్నా, కామారెడ్డిలో టైల్స్ పని చూసుకుంటా అన్నావు. నీ గొంతులో అంత సంతోషం నేను ఏడేండ్లలో వినలేదు. ఆ చదువు సెప్టెంబరులో మొదలు. మింగలేక కక్కలేక ఫోన్ పెట్టేశాను.

మర్నాడు కూర్చొని యూనివర్సిటీకి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. ఇంకా ఎదురుచూసే వాళ్లు ఉంటే ముందు వాళ్లకు ఇవ్వండి, అందరికీ అయ్యాక ఏమైనా మిగిలితే నాకు చెప్పండి అని. రాసి, మంచి పని చేశానని కూడా అనుకున్నాను. నాగిరెడ్డిపేటలో ఎవరైనా అట్లా అంటే ఎదుటివాళ్లు చెయ్యి పట్టుకొని, నీ వంతు నీకు ఉంచుతాం తీయమ్మా అంటారు కదా. వాళ్లు రెండు లైన్లలో జవాబిచ్చారు. మీరు సీటు వదులుకున్నట్టు రాసుకున్నాం, అది మీ ఉద్దేశం కాకపోతే పది రోజుల్లో తెలపండి అని.

అది మూడుసార్లు చదివాను. వదులుకోవాలని నాకు లేదని అప్పుడు తెలిసింది. కాలువ కొస రైతులు నేను పనిచేసే నీటిపారుదల ఆఫీసుకు వచ్చి, మా దాకా నీళ్లు ఎందుకొస్తలేవు మేడం అని ఏటా అడుగుతారు. పై వాళ్లను అడగండి అనడం తప్ప ఆరేండ్లుగా నా దగ్గర జవాబు లేదు. నాకు ఆ జవాబు కావాలి.

బస్సెక్కి నాగిరెడ్డిపేట పోయాను. బాపు భూదవ్వ పొలం దగ్గర మడవ మూస్తున్నాడు. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను. నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. పార దించి నా మొహం చూశాడు.

"నీరటి మడి ఆఖర్న పారాలె అన్నరు బిడ్డా, పారనే వద్దన్నరా? గా మడి ఎండితే నాకొక్కనికే నష్టమా? నడుమల ఎవడో నీళ్లు మలుపుకున్నడు, నేను చూడలే అన్నట్టు. నా మడి తడిస్తేనే అందరికి అందినట్టు. వంతు ఇడిసి మంచిదాన్ని అనిపించుకుంటే గది నీరటోనికి సిగ్గు."

మరి బావను ఏమని అడగాలి బాపూ అన్నాను.

"అడగకు. చెప్పు. అడిగితే నా అల్లుడు సరే అంటడు. కడుపుల ఏమున్నదో తెల్వది. చెప్తే కొట్లాడుతడు. కొట్లాడితే మంచిదే, మాట బయటికొస్తది."

నేను ఇంటిదాకా ఆగలేదు. ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడ్డ చోటే ఫోన్ తీసి రాశాను: నేను వదులుకోలేదు, వస్తున్నాను. మూడో రోజు సీటు ఖాయం చేశారు. వీసా పని కూడా మొదలుపెట్టాను. రెండు నెలలు ఇది నీ దగ్గర దాచాను. దాచడం తప్పు, దానికి ఎన్ని తిట్లైనా తింటాను. పోవడం తప్పు కాదు, దానికి తినను.

నువ్వు ఆగస్టు ఇరవై రెండున దిగుతున్నావు. నేను ముప్పై ఒకటిన ఎక్కాలి. తొమ్మిది రోజులు. ఈ లెక్క వేసుకున్నప్పుడల్లా ఏడుస్తున్నాను, అయినా టికెట్ మార్చాలని అనిపించడం లేదు. నిన్ను విడిచి ఉండడం నాకు అలవాటే, ఇంటికొచ్చిన నిన్ను విడిచి పోవడమే కొత్త. ఆ తొమ్మిది రోజుల్లో షారోనుకు జడ వేయడం నీకు నేర్పుతాను. గోడ మీద టైలు వెంట్రుక వాసి తేడా లేకుండా అతికించే చేతులు, మూడు పాయలకు భయపడవు. బాపు వెంట కాలువ మీదికి కూడా పో. మోకాళ్లు నొప్పి అని ఆయన నీకు చెప్పడు, నువ్వే పార అందుకోవాలి.

కోపం ఉంటే రాయి, సరే అని మాత్రం రాయకు. ఏడేండ్ల కింద కామారెడ్డి బస్టాండులో నా చెయ్యి పట్టుకొని "రెండేండ్లే" అన్నావు. నేను నమ్మాను, ఎందుకు దాటిందో కూడా నాకు తెలుసు, నిన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నేను అంటున్నాను, రెండేండ్లే. నా వంతు అయిపోయిన పూటే మడవ మూసి ఇంటికి వస్తాను. నీరటి బిడ్డను, ఒక్క పూట కూడా ఎక్కువ పారించుకోను.

ఇట్లు,
నీ మరదలు, షారోను తల్లి,
సలోమి.