మోటువైలా వినని ప్రసంగం

హాపై దీవులు,
శనివారం మధ్యాహ్నం.

ప్రియమైన అమ్మకి,

ప్రభువు నామంలో నీ సులియేతి రాసే వందనాలు. ఆయన దయవల్ల ఇక్కడ మేమిద్దరం అక్కచెల్లెళ్లం, నాలుగు పందులూ, నువ్వు వెళ్లేటప్పుడు పొదుగుతున్న కోడీ, దాని పిల్లలు ఏడూ బాగున్నాం. నీ కంటికి ఆపరేషనయ్యాక వేసిన కట్టు ఇంకా విప్పలేదని, నా ఉత్తరాలు పెద్దమ్మే చదివి వినిపిస్తోందని రాయించావు. అందుకని పెద్దమ్మకి కూడా వందనాలు. పెద్దమ్మా, ఈసారి మధ్యలో ఒకచోట నీకు ఆపేయాలనిపిస్తుంది. ఆపకు, దాచకు. అమ్మకి ఓ గ్లాసు మంచినీళ్లిచ్చి మళ్లీ మొదలుపెట్టు.

తపాలా ఆఫీసులో ఫోను బాగుచేశారు. కానీ వరుసలో నిలబడ్డ వాళ్లంతా మన మాటలు వింటూ మధ్యలో సలహాలిస్తారు. పైగా నీ గొంతు వింటే ఈ సంగతి చెప్పలేను. అందుకే కాగితం పట్టుకున్నాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. కప్పు కారడం ఆగింది. చేమతోటలో కలుపు తీశాం. మంచం కింద పెట్టిన పెద్ద చాపకి చెదలు పట్టలేదు. పక్కింటి చెవిటి ముసలమ్మకి రోజూ నీళ్లు అందుతున్నాయి. అవి మోసేది మెలియామె. కప్పెక్కిందీ, కలుపు తీసిందీ, చాప దులిపిందీ అదే. చూశావా, నీకు జవాబు రాయాలంటే ప్రతి వాక్యం చివరా దాని పేరే వస్తుంది. నీ ఉత్తరమూ అంతే. మొదటి పేజీలో "మెలియామె ప్రసంగం ఎలా జరిగింది? నేను పంపిన నీలం గుడ్డ కుట్టించుకుందా?" రెండో పేజీ అడుగున "సులియేతి దగ్గు తగ్గిందా?" పెద్దమ్మ చేతిరాతలో ఆ దగ్గు మరీ చిన్నగా కనపడింది.

తగ్గిందమ్మా.

ఇక ప్రసంగం సంగతి. మూడు నెలల ప్రసంగాల పట్టీ చర్చి గోడకి అంటించిన రోజు నీకు రాయలేదు. ఆ రోజు నా పేరు పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ వెతుక్కున్నాను. సూవాలో మూడేళ్లు బైబిలు చదువు చదివి వచ్చాను. ప్రకటన గ్రంథంలో ముద్రలు, బూరలు, పాత్రలు ఏది ముందో ఏది వెనకో చూడకుండా చెప్పగలను. ప్రభువు రాకడ ఆదివారం ప్రసంగం నాకే ఇస్తారని, నువ్వు అక్కడినుంచి మురిసిపోతావని నెల ముందే కలగన్నాను. ఆ ఆదివారం ఎదురుగా మెలియామె పేరుంది. ఆరో తరగతితో బడి మానేసిన మెలియామె! పట్టీ రాసిన చర్చి పెద్ద మైకోలో తాతని అడగకుండా ఉండలేకపోయాను.

"తాతా, మెలియామెకి వాక్యం చదవడమే తడబాటు కదా?"

"చదవడం తడబాటేనే. చెయ్యడం తడబాటు కాదు," అని ఆయన కావా వేరు రసం తాగినప్పటి మత్తు నవ్వు నవ్వాడు. "నీ వంతూ వస్తుందిలే. ముందు నీ గొంతులో పుస్తకం వాసన తగ్గనీ."

ఆ వాసన కోసమే కదా నువ్వు మూడేళ్లు చాపలల్లి నన్ను సూవాలో చదివించావు! ఆ మూడేళ్లూ నీ పక్కన కూర్చుని అల్లింది మెలియామె. నేను తిరిగొచ్చేసరికి నీ పక్కచోటు నిండిపోయింది. మాఫువా అత్త పోయినప్పుడు నాలుగేళ్ల మెలియామెని తెచ్చుకుని సాకావని నాకు కోపం లేదు. నేను లేనప్పుడు దాన్ని ఎక్కువ సాకావని.

నిజానికి దాన్లో తప్పు వెతకాలని చాలా కష్టపడ్డాను. తెల్లారి చర్చి దగ్గర లాలి చెక్కడోలు మోగగానే లేస్తుంది. నన్ను లేపదు, ఎందుకంటే "అక్క చదువుకుని అలిసిపోయింది". వేళ్లు కాల్చుకుంటూ సీమపనస కాలుస్తుంది, మెత్తటి సగం నాకిస్తుంది. మన ఎర్రపంది నా చేతి కూడు తిని, మెలియామె వెనకాల నడుస్తుంది. పందికి కూడా ఎవరు ఎవరో తెలిసిపోయిందని నాకు ఒళ్లు మండిపోయేది.

దాని వాక్యం, ఇద్దరు ఆడవాళ్లు తిరగలి విసురుతుంటే ఒకరు తీసుకుపోబడతారు, ఒకరు మిగిలిపోతారన్నది. "అక్కా, తిరగలి అంటే ఏంటి?" అని అడిగింది. రెండు రాళ్లు, మధ్యలో గింజలు, అని బొమ్మ గీసి చూపించాను. "పాపం, వాళ్లకి నారబట్ట కొట్టే దుంగ లేదా?" అంది. నేను నవ్వాను. ప్రసంగంలో నవ్వులపాలవుతుందిలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు సంతోషపడ్డాను కూడా.

మాట్లాడటం దానికి భయం లేదు. భయమంతా ముందు చెప్పే ఫకతపు గురించే. దేవుని సన్నిధికి, రాజుగారికి, కూర్చున్న పెద్దల్లో ఒక్కొక్కరికీ వరుస తప్పకుండా మర్యాద చెల్లించి, మీ ఎదుట నోరు విప్పుతున్నాను మన్నించండి అని అడగాలి కదా. ఒక్క పేరు జారినా ఎంత పరువు పోతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వరుస కాగితం మీద రాసిమ్మని నన్నే అడిగింది. రాసిచ్చాను.

శనివారం సాయంత్రం మైకోలో తాత కంచె దగ్గర నిలబడి అరిచాడు. "సులియేతీ! రేపు పొద్దున పడవలో అవతలి దీవి పెద్ద మోటువైలా వస్తున్నాడు. మెలియామె కాగితంలో ఆయన పేరు ఎక్కించు. గవర్నరు గారి తర్వాత, మన ఊరి పెద్ద కంటే ముందు. మర్చిపోకు!"

"సరే తాతా," అన్నాను.

పెద్దమ్మా, ఇక్కడే మంచినీళ్లు.

నేను మర్చిపోలేదమ్మా. కాగితం తీశాను. కలం తీశాను. గవర్నరు గారికీ ఊరి పెద్దకీ మధ్య ఒక వరుస పట్టే జాగా కూడా ఉంది. కలానికి మూత పెట్టేశాను. అప్పుడు మెలియామె పెరట్లో ఆదివారం గుంతపొయ్యికి చేమాకులు కడుగుతూ పాడుకుంటోంది. ఇంతసేపు రాసిందంతా ఈ ఒక్క సంగతి చెప్పడానికే.

మర్నాడు నీలం గౌను, దాని మీద మర్యాదకి కట్టే నీ పాత నడుం చాప కట్టుకుని ప్రసంగ వేదిక మెట్లెక్కింది. గౌను బాగా కుదిరింది. ఫకతపు చెబుతూ గవర్నరు గారి దాకా వచ్చింది, ఒక్క క్షణం ఆగింది, ముందు వరసలో కూర్చున్న మోటువైలా వైపు చూసింది, కాగితం వైపు చూసింది. ఊరి పెద్ద పేరు చెప్పేసింది. విసనకర్రలు ఆగిపోయాయి. మోటువైలా ముఖం కదల్లేదు. కళ్లు మాత్రం నేలకి దించుకున్నాడు. నాకు కావలసిందే జరిగింది.

అది ప్రసంగం మొదలుపెట్టింది.

"మనకి తిరగలి లేదు. దుంగ ఉంది. నేనూ మా అక్కా ఎదురెదురుగా కూర్చుని, చెట్టు బెరడుని సుత్తులతో కొట్టి నారబట్ట చేస్తాం. ఒకే దుంగ, ఒకే బట్ట. దూరం నుంచి వినేవాళ్లకి ఏ దెబ్బ ఎవరిదో తెలీదు. ప్రభువుకి తెలుసు. ఆయన ఆదివారమే వస్తాడని ఎవరన్నారు? మంగళవారం రావచ్చు. అప్పుడు మనం చర్చిలో ఉండం, తెల్లబట్టల్లో ఉండం. దుంగ దగ్గర చెమటోడుస్తూ ఉంటాం. అక్కడ ఎలా ఉన్నామో అదే సిద్ధపాటు. ఒకరినే తీసుకెళ్తాడంటే నాకు భయమేస్తుంది. ఒంటరి దెబ్బ సగం చప్పుడే కదా. ఒక్కరికే చోటుంటే మా అక్కని తీసుకెళ్లు ప్రభువా అని అడుగుతుంటాను. తనకి ఒంటరిగా ఉండటం చేతకాదు."

చర్చంతా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదమ్మా. ప్రేమ కూడా పుట్టలేదు. ఆ దుంగ మాట నాకెందుకు తట్టలేదా అని కుళ్లుకున్నాను. నా గురించే చెప్పిన ఆ మాట నాది కాకపోయిందే అని కుళ్లుకున్నాను. అసూయకి అడుగంటూ ఉండదని ఆ రోజు తెలిసింది.

ప్రసంగం కాగానే మోటువైలా భోజనానికి కూర్చోకుండా పడవెక్కి వెళ్లిపోయాడు. ఆయన కోసం వేసిన పందిమాంసం ఆకులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున మైకోలో తాత ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"శనివారం సాయంత్రం పేరు చెప్పానా లేదా?" నా వైపు చూశాడు.

నేను నోరు తెరిచేలోపే మెలియామె అందుకుంది. "చెప్పారు తాతా. నాకే మరుపొచ్చింది."

"మరుపా! రెండు దీవుల మధ్య నలభై ఏళ్ల స్నేహం నీ మరుపులో మునిగింది." పట్టీలో దాని పేరు కొట్టేశానని, ఇక ఆ మెట్లు ఎక్కొద్దని చెప్పాడు. వచ్చే మూడు నెలల్లో దాని వంతులు ఎవరికి రాశాడో ఊహించు. నాకే. కోరుకున్నది ఇంత చవగ్గా దొరుకుతుందని తెలిస్తే ఎవరూ కోరుకోరేమో.

మూడు రోజులు ఏమీ చెప్పలేదు. అంత్యదినాల గురించి నేను చదివిందంతా ఆకాశంలో జరిగేదే. చంద్రుడు ఎర్రబడటం, నక్షత్రాలు రాలడం. నా సంగతి మాత్రం శనివారం సాయంత్రం మన చాప మీద, కలం మూత పెట్టిన చప్పుడుతోనే తేలిపోయింది. ఆ క్షణంలో ప్రభువు వచ్చుంటే, పెరట్లో చేమాకులు కడిగే పిల్ల వెళ్లిపోయేది. నేను కాగితంతో మిగిలిపోయేదాన్ని. మళ్లీ మళ్లీ లెక్కేసి చూసినా ఇదే తేలింది.

బుధవారం దుంగ దగ్గర కూర్చున్నాం. నా సుత్తి దెబ్బ వరుస తప్పుతోంది. సుత్తి కింద పెట్టి చెప్పేశాను. తాత చెప్పాడని, నేనే రాయలేదని, మరుపు కాదని.

"తెలుసు," అంది. కొట్టడం ఆపలేదు.

"ఎప్పుడు తెలుసు?"

"అక్కడ నిలబడ్డప్పుడే. ఆయన ఎదురుగానే ఉన్నాడు కదక్కా, నాకేం కళ్లు లేవా? పేరు నోటిదాకా వచ్చింది. కాగితంలో లేదు. అక్క చదువుకున్నది, రాయలేదంటే ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను. మెట్లు దిగాక నీ ముఖం చూశాను. కారణం తెలిసింది."

"మరి తాతకి అలా ఎందుకు చెప్పావే?"

"అమ్మకి కంటికి కట్టుంది. ఈ మాట అక్కడిదాకా పోతే ఏడుస్తుంది. ఏడిస్తే కన్ను పాడవుతుంది. నీ కోసమేం కాదు."

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? మూడు రోజుల్నుంచీ నీ టీలో పంచదార వెయ్యట్లేదు."

అన్నీ గమనిస్తానని నాకు గర్వం కదా. చప్పటి టీ మూడు రోజులు తాగి, పంచదార అయిపోయిందేమో అనుకున్నాను.

మీ డాక్టరు కన్ను మానుతోందని, కట్టు ఉన్నా ఇక ఏడిస్తే ఫర్వాలేదని అన్నాడని నిన్న అందిన ఉత్తరంలో నువ్వు రాయించబట్టే ఇప్పుడు ఇది రాస్తున్నాను. మెలియామెని అడిగే రాస్తున్నాను.

బుధవారమే మైకోలో తాత దగ్గరికెళ్లి చెప్పాను. ఆయన తిట్టలేదు. "చిరిగిన చాప ఉందా ఇంట్లో?" అన్నాడు. గురువారం పొద్దున, క్షమాపణకి వెళ్లేవాళ్లు కట్టుకునేలా అమ్మమ్మ చిరుగుల చాప నడుముకి చుట్టుకుని, మన పెరటి కావా మొక్కని వేరుతో సహా పెకలించి కానుకగా పట్టుకుని పడవెక్కాను. మెలియామె వస్తానంది. వద్దన్నాను. రేవుదాకా వచ్చి, "వాంతులు చేసుకోకు, ఆయన ముందు కంపు కొడతావు," అని దీవించి పంపింది.

మోటువైలా ఇంటి ముందు మట్టిలో తల వంచుకుని కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కాక ఆయన భార్య లోపలికి పిలిచింది. జరిగిందంతా చెప్పాను. ఎందుకు చేశావని అడిగాడు. "మా అమ్మ దాన్నే ఎక్కువ ప్రేమిస్తుందని," అన్నాను. అంతమంది ముందు ఆ మాట అంత చిన్నపిల్ల మాటలా వినపడుతుందనుకోలేదు.

ఆయన కావా వేరుని చేత్తో తాకాడు. అంటే స్వీకరించాడు.

"చూడు పిల్లా," అన్నాడు. "నాకు మర్యాద చెప్పకుండా మొదలైన మాట నేను వినకూడదు. అది నా పేరుకున్న కట్టుబాటు. అందుకని మీ చర్చిలో నేను కూర్చున్నానే గానీ ఏమీ వినలేదు. రాకడ గురించి వినలేదు. సిద్ధపాటు గురించి వినలేదు. ఆ దుంగ సంగతి, ఒంటరి దెబ్బ సగం చప్పుడని ఆ పిల్ల అన్న మాట, అది కూడా వినలేదు." అలా అంటూ కళ్లు తుడుచుకున్నాడు. "వినని ప్రసంగం జరగనట్టే. ఈ ఆదివారం మళ్లీ వస్తాను. మళ్లీ చెప్పించండి. ఆ పందిమాంసం కూడా మళ్లీ వండించండి."

అంటే రేపేనమ్మా. తాత పట్టీలో కొట్టేసిన పేరు మళ్లీ రాశాడు. వచ్చే మూడు నెలల వంతులూ దానికే తిరిగిచ్చాడు. నా పేరు ఎక్కడా లేదు, నేనే వద్దన్నాను. ఇప్పుడు మెలియామె పెరట్లో చేమాకులు కడుగుతోంది. గవర్నరు గారి తర్వాత, ఊరి పెద్ద కంటే ముందు, మోటువైలా పేరు పెద్ద అక్షరాలతో రాశాను. చదివించి చూశాను. రెండుచోట్ల తడబడింది. దిద్దాను.

ప్రసంగం రాసి పంపమన్నావు కదా, ఇందులోనే పెట్టాను. అది చెప్పింది చెప్పినట్టే రాశాను. తిరగలి గురించి నాకు తెలిసింది ఒక్క ముక్క కూడా చేర్చలేదు. "మా అక్క" అన్న చోటల్లా చెయ్యి ఆగింది, అయినా రాశాను. పెద్దమ్మా, ఆ భాగం నెమ్మదిగా చదువు.

అసూయ పోయిందని రాయాలని ఉంది. అబద్ధం అవుతుంది. రేపు అందరూ మళ్లీ దాన్ని చూసి ఏడుస్తారు, నాకు మళ్లీ గుండెలో గుచ్చుకుంటుంది. కాకపోతే సోమవారం దుంగ దగ్గర దాని ఎదురుగానే కూర్చుంటాను, వరుస తప్పకుండా కొడతాను. ప్రభువు ఏ రోజు వచ్చినా నేను అక్కడే ఉండాలని ఒక్కటే అడుగుతున్నాను. టీలో పంచదార నిన్నటినుంచి వేస్తోంది, సగం చెంచా.

నీ తర్వాతి ఉత్తరంలో ముందు మెలియామెనే అడుగు. ఫర్వాలేదు. రెండో వరుసలో నన్ను అడుగు. పేజీ అడుగున మాత్రం వద్దమ్మా.

ఇట్లు,
నీ ఇద్దరు కూతుళ్లలో పెద్దది,
సులియేతి.