కాడి పెట్టనన్నాడు

ఇచ్చోడ, 1961. రేపు పొలాల అమావాస్య, ఎద్దుల పండుగ.

నిద్ర రావడం లేదు. పొద్దున పశువుల ఆసుపత్రి పని మీద లింగన్న ఊరికి పోయి అతని ఎద్దును చూసి వచ్చాను. జోరీగలు అంటించిన సర్రా రోగం అది. సూదిమందుకు నెత్తుటిలోని క్రిములు చచ్చాయి, జ్వరం దిగింది. కానీ కొట్టం నుంచి బావి దాకా నడిపించి గుండె మీద చెయ్యి పెడితే, నడకకు తగ్గట్టు అది కొట్టుకునే వేగం పెరగలేదు. నెమరూ సరిగా లేదు. గుండెనూ కడుపునూ ఎవరూ చెప్పకుండానే నడిపించే నరాలుంటాయి. క్రిములు పోతూ పోతూ వాటినే దెబ్బతీశాయి. పైకి మాత్రం ఎద్దు నిగనిగలాడుతోంది.

"లింగన్నా, నెల దాకా దీని మెడ మీద కాడి పెట్టకు," అన్నాను.

అతను నవ్వాడు. "పొలాల నాడు కాడి ఎవడు పెడ్తడు సార్? నీ మాట దాటుతనా? జరం దిగింది, ఇగ నాకేం ఫికర్ లేదు. కొమ్ములకు రంగు సుత తెచ్చిన."

నేనూ నవ్వి బస్సెక్కాను.

సాయంత్రం వీధిలో ఎవరో డప్పు కాచి కొట్టి చూస్తుంటే అప్పుడు తట్టింది. రేపు ఎద్దులన్నిటినీ తోరణం కిందుగా ఉరికిస్తారు. కాడి ఉండదు, పరుగు ఉంటుంది. ఆ పరుగును ఆ గుండె అందుకోలేదు. ఉరికించవద్దని నేను చెప్పనే లేదు.

ఈ రాత్రికి బస్సు లేదు, పొద్దున తొలి బస్సుకే పోవాలి. వాగు పొంగితే అదీ రాదు. వాన తెరిపి ఇవ్వడం లేదు.

లింగన్న మాట తప్పే మనిషి కాదు. కాడి మాత్రం పెట్టడు.