గుంపులోంచి ఒక అడుగు

జూన్ 11, బుధవారం

హామిల్టన్ మొత్తం పొగమంచు. ఈ దేశంలో జూన్ అంటే నడి చలికాలం. చర్చి హాల్లో హీటర్ పని చెయ్యలేదు. ఈ డ్రామా క్లాసులో ఎందుకు చేరానా అని నన్ను నేనే తిట్టుకుంటూ వెళ్ళాను. మా ఆయన గిరి పోయి ఏడాది కావస్తోంది, ఇక ఇంట్లోంచి బయటికి రా అని ఆఫీసులో అందరూ ఒకటే పోరు. నాకు కావలసిందల్లా ఎవరూ పలకరించని ఒక సాయంత్రం. అదీ దక్కలేదు. అత్తయ్య నేనూ వస్తానంది. స్వెటర్ మీద శాలువా, శాలువా మీద గిరి జాకెట్ వేసుకుని మూల కుర్చీలో కూచుంది.

క్లాసు చెప్పే బ్రెండా రిటైరైన టీచర్. గ్రీకుల ట్రాజెడీ ఎలా పుట్టిందో మా చేత ఆడించి చూపిస్తుందట. ట్రాజెడీ అంటే అసలు మేక పాట అట. మేకను బలిచ్చేటప్పుడు పాడేవారో, బాగా పాడినవాడికి మేకను ఇచ్చేవారో, ఖాయంగా ఎవరికీ తెలీదట. మొదట్లో హీరో లేడు, హీరోయిన్ లేదు. ఒక గుంపు తిరుగుతూ పాడేది. వాడు అలా బతికాడు, వాడు ఇలా పోయాడు అని. ఒక రోజు గుంపులోంచి ఒకడు అడుగు బయటికి వేశాడు. వాడు అనడం మానేసి, నేను అన్నాడు. అంతే. అక్కడ మొదలైందని చెబుతారట.

ఆ ఒకడి వేషం నాకిచ్చింది. నా గొంతులో బరువుందట. ఏడిచి ఏడిచి వచ్చిన బరువు. ఆవిడకేం తెలుసు.

జూన్ 18, బుధవారం

మాస్కు ఇచ్చింది. పాత దుప్పటి గుడ్డకి జిగురు పూసి ఆరబెట్టిందట. మగా కాదు, ఆడా కాదు. నోరు మాత్రం తెరిచి ఉంది. నాది ఒకటే డైలాగ్. అందరూ ఏడుస్తుంటే బయటికొచ్చి, మీరు ఏడుస్తున్నది నా కోసమే, అడగండి, అనాలి. మాస్కు లోపల నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అక్కడ ఏమన్నావు అని కారులో అత్తయ్య అడిగింది. తెలుగులో చెప్పాను. బ్రిడ్జి దాటాక, ఇది మా ఊళ్ళో సోదెమ్మ చేసేదే కదే అంది. చేటలో బియ్యం పోసుకుని కూచుంటుందట. పోయినవాళ్ళు ఆవిడ నోట, నేనే వచ్చాను, అంటారట. ఇంట్లోవాళ్ళు అడగాల్సింది అడుగుతారట.

అత్తయ్య అడగాల్సింది ఏమిటో నాకు తెలుసు. ఆ రోజు తెనాలి నుంచి గిరికి ఫోన్ చేసింది. మీ నాన్న తద్దినానికి కూడా రావా అని నిష్ఠూరమాడింది. తను టౌరంగా ఊరికి వెళ్తూ కైమై కొండ మీద ఉన్నాడు. మాట మధ్యలో ఫోన్ కట్టయింది. తను మళ్ళీ చెయ్యలేదు. మంచులో కారు లోయలోకి పోయింది. కోపంతో పెట్టేశాడా, సిగ్నల్ పోయిందా. కర్మకాండలకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషికి ముద్ద దిగనిది అందుకే. జవాబు నాకూ తెలీదు. తను వెళ్ళేటప్పుడు నేను నిద్రపోతున్నాను.

జూన్ 21, శనివారం

మా అమ్మాయి స్పందనని ఫ్రెండ్ వాళ్ళమ్మ నెట్‌బాల్‌కి తీసుకెళ్ళింది. పిల్ల అటు వెళ్ళిందో లేదో, అత్తయ్య అగరొత్తి వెలిగించింది. చేట లేదు కదా, బేకింగ్ ట్రేలో బియ్యం పోసింది. మాస్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కుదరదన్నాను. ఇది నాటకం అత్తయ్యా, ఉత్త అబద్ధం అన్నాను. నాకు మాత్రం తెలీదా, ఒక్కసారి చెయ్యవే అంది. నా మీద అరిచిన రోజులున్నాయి గానీ, బతిమాలిన రోజు లేదు. పెట్టుకున్నాను.

ఫోనెందుకు పెట్టేశావు నాయనా అంది.

కోపం లేదమ్మా, కొండ మీద సిగ్నల్ పోయింది, కిందికి దిగాక చేద్దామనుకున్నా అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో. అత్తయ్య ట్రే మీదకి వంగి ఏడ్చింది. నేను లోపల ఏడ్చాను, గుడ్డ తడిసి ముఖానికి అతుక్కుపోయింది.

జూన్ 22

అత్తయ్య ఇవాళ మారు వడ్డించుకుంది.

జూన్ 25, బుధవారం

బ్రెండా ఇంకో కథ చెప్పింది. ఆ మొదటి ఆటగాణ్ణి చూసి ఒక ముసలి పెద్దమనిషి, ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలాడటానికి సిగ్గు లేదా అన్నాడట. ఆటే కదండీ అన్నాడట వాడు. ముసలాయన చేతికర్రతో నేలను కొట్టి, ఇవాళ ఆటలో మెచ్చుకుంటే రేపు మన వ్యవహారాల్లోకీ వస్తుంది అన్నాడట. అందరూ నవ్వారు.

బయటికొచ్చినవాడు మళ్ళీ గుంపులోకి వెళ్ళాడా అని నేను అడిగాను. గుడ్ క్వశ్చన్ అంది. అది ఎవరూ రాసిపెట్టలేదట.

జూన్ 28, శనివారం

ఒక్కసారి అన్నది రెండోసారైంది. చేసుకున్నవారికి చేసుకున్నంత.

తింటున్నావా, చలేస్తోందా అని అడిగింది. చలేం లేదు బుజ్జమ్మా అన్నాను. అత్తయ్య చేతిలో అగరొత్తి కింద పడింది. చిన్నప్పుడు వాడు నన్నలా పిలిచేవాడు, మీ మామయ్య కసిరి మాన్పించారు, నీకెవరు చెప్పారు అంది. మీ అబ్బాయే ఎప్పుడో చెప్పాడన్నాను.

చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినలేదు. వినే ఉంటాను. వినలేదు.

వానకి గేమ్ కాన్సిలైందట, స్పందన తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. డోంట్ డూ డాడ్, మమ్ అంది. రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది. నాకు భయం వేసింది. పిల్లని చూసి కాదు.

జూలై 5, శనివారం

స్పందన గేమ్‌కి వెళ్ళలేదు. వద్దన్న పిల్లే మాస్కు తెచ్చింది. తనకీ ఒక క్వశ్చన్ ఉందట. ఏమిటో చెప్పమన్నాను. అది నీకు కాదు అంది, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

మాస్కు లాక్కుని, కారేసుకుని, బ్రెండా ఇంటికి వెళ్ళి ఇచ్చేశాను. షో రోజు ఇస్తే చాలన్నాను. తిరిగొచ్చాక ఇద్దరూ నన్నే చూస్తూ ఉన్నారు.

సాయంత్రం నేనే కాఫీ కలిపాను. నాకు పంచదార పడదు. గిరికి మూడు చెంచాలు కావాలి. కాఫీలో పంచదారా, పంచదారలో కాఫీనా అని ఏడిపించేదాన్ని. ఆ మాట ఎత్తితే అత్తయ్య నవ్వింది, స్పందన కూడా. కొంచెం ఊపిరాడింది.

జూలై 19, శనివారం, సాయంత్రం ఆరు

షో అయింది. హాలు నిండింది. గుంపు తిరుగుతూ పాడింది. అడుగు బయటికి వేశాను. మీరు ఏడుస్తున్నది నా కోసమే, అడగండి, అన్నాను. ముందు వరుసలో అత్తయ్య లేవబోయింది. స్పందన చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది.

తర్వాత నేను గుంపులోకి వెళ్ళి వాళ్ళతో కలిసి పాడాలి. వెళ్ళాను. వారాల తరబడి పాడిన పాట, ఒక్క ముక్క నోటికి రాలేదు. అందరూ వాడు, వాడు అని పాడుతుంటే నిలబడి విన్నాను.

మాస్కు నా చేత్తో నేనే బ్రెండా పెట్టెలో పడేశాను. మూత కూడా నేనే వేశాను. పీడా పోయింది.

జూలై 20

పొద్దున్నే కిచెన్‌లోంచి అత్తయ్య, గిరీ, కాఫీ చల్లారిపోతోంది అంది.

వస్తున్నానమ్మా అన్నాను.

స్పందన తలెత్తకుండా పంచదార డబ్బా నా ముందుకు జరిపింది.

మూడు చెంచాలు వేసుకున్నాను.